ఇంటి రొట్టె

రొట్టె యనగానే పట్టణపు పిల్లలకు బేకరీలోని అద్దాల బీరువా జ్ఞప్తికి వచ్చును. నాలుగు వైపులను మూసియున్న పెద్దపొయ్యి లేనిదే రొట్టె కాలదని వారి తలంపు. తెలుగువారి వంటయిండ్లలో అట్టి పొయ్యి సాధారణముగా నుండెడిది కాదు. అయినను రొట్టెలు లేకపోలేదు. గోదావరి జిల్లాలలో దిబ్బరొట్టె, తెలంగాణములో సర్వపిండి, అక్కడను రాయలసీమలోను జొన్నరొట్టె, ఇవి యన్నియు ఇంటి పొయ్యిమీదనే కాలినవి, నేటికిని కాలుచున్నవి.

దిబ్బరొట్టెకు మినపపప్పును నాలుగైదు గంటలు నానవేసి రుబ్బి, దానికి రెండింతలు బియ్యపురవ్వ కలుపుదురు. దళసరి యినుపమూకుడులో నూనె వేసి, ఆ పిండిని మందముగా పోసి మూతపెట్టుదురు. పూర్వము మూతమీద కూడ నిప్పులు పోసెడివారు. క్రింద నిప్పు, మీద నిప్పు, నడుమ రొట్టె. బేకరీవాని పొయ్యి చేయు పనియు నింతే గదా! గ్యాసుపొయ్యి వచ్చిన పిదప మీది నిప్పులు పోయినవి. ఇప్పుడు మంటను తగ్గించి, మూత బిగించి, లోపలి ఆవిరిచేతనే ఆ పని చేయించుచున్నారు. తొందరపడువారు మాత్రము దిబ్బరొట్టె జోలికి పోరాదు. మంట హెచ్చించినచో అడుగు మాడును, నడుమ పచ్చిగా నుండును.

గోధుమపిండిలో నీరు పోసి పిసికినప్పుడు గ్లూటెన్ అను సాగెడు పదార్థ మేర్పడును. అది వాయువును బుడగలుగా పట్టియుంచుటచే బేకరీరొట్టె పొంగును. బియ్యమునందును జొన్నలయందును ఇట్టి గుణము లేదు. అందుచేతనే జొన్నపిండిని మరిగిన నీటితో కలుపుదురు. ఆ వేడికి పిండిలోని గంజిపదార్థము కొంత యుడికి జిగురగును. ఆ జిగురు రొట్టెను విరిగిపోనీయదు. మినపపప్పు సంగతి వేరు. దానిని బియ్యముతోనో రవ్వతోనో కలిపి రాత్రి విడిచిపెట్టినచో సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి పొంగించును. వానిలో ల్యూకొనోస్టాక్ అను జాతి ముఖ్యమైనది. ఇల్లంతయు నిద్రించుచుండగా అవి పనిచేయును. తెల్లవారగనే ఉద్యోగమునకు పోవలసిన ఇల్లాలికి ఇంతకంటె నమ్మకమైన పనివారు దొరకరు.

సర్వపిండికి ఈ పులియుట కూడ అక్కరలేదు. అందుచే అది పనివేళల యిండ్లకు మిక్కిలి అనుకూలమైన రొట్టె. సర్వ యనునది తెలంగాణమున ఒకజాతి పాత్రకు పేరు. ఈ రొట్టెనే కొన్నిచోట్ల గిన్నప్ప యనియు, కొన్నిచోట్ల తపాలచెక్క యనియు పిలుతురు. పేర్లన్నియు గిన్నెనుబట్టి వచ్చినట్లే తోచును. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లికాడలు, కరివేపాకు, కారము, ఉప్పు వేసి నీటితో ముద్దచేయుదురు. గుండ్రని అడుగుగల గిన్నెకు లోపల నూనె రాసి, ఆ ముద్దను అడుగున నుంచి, వ్రేళ్ళతో అదుముచు అంచులవైపు పలుచగా పరతురు. అచ్చటచ్చట వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో బొట్టు బొట్టుగా నూనె విడుతురు. ఆ రంధ్రములు అందమునకు కావు. అడుగునకు నూనె చేరు దారి అదియే. పిమ్మట మూతపెట్టి సన్నని సెగమీద నుంచుదురు. తిరుగవేయవలసిన పనిలేదు. అడుగు కరకరలాడును, మీదిభాగము ఆవిరికి మెత్తగా నుడుకును.

ఇందు ఒక చిక్కు కలదు. మొదటి రొట్టె దించిన గిన్నె కాగియుండును. దానిలో రెండవ ముద్ద నదుమబోయినచో చేయి కాలును. కావున గిన్నెను చల్లార్చవలెను. నలుగురున్న యింటిలో ఆ చల్లార్చుటతోనే సాయంకాలము గడచిపోవును.

వరంగల్లులోని ఒక కుటుంబమునకు ఈ సాయంకాలపు చిక్కే పెద్దదైనది. తల్లి ఆసుపత్రిలో నర్సు. తండ్రి బస్సు కండక్టరు. కూతురు పదవ తరగతి, కొడుకు ఎనిమిదవ తరగతి. తండ్రిగారి తల్లియు వారితోనే యుండును. నర్సుకు ఒక వారము ఉదయపు డ్యూటీ, ఒక వారము మధ్యాహ్నపు డ్యూటీ, మరియొక వారము రాత్రి డ్యూటీ. మధ్యాహ్నపు డ్యూటీ వారములలో ఆమె యిల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటును. అట్టి వారములలో నాయనమ్మయే వంటచేసెడిది. ఒక సంవత్సరము దసరా పండుగ నాటికి ఆమె కన్నులలో శుక్లములు ముదిరినవి. మంట ఎంత యున్నదో ఆమెకు కానరాలేదు. ఒకనాడు చీరచెంగు పొయ్యికి తగులబోయి తప్పినది. నాటినుండి ఆమెను పొయ్యివద్దకు పోనీయలేదు.

ఆ పని ఎవరును చెప్పకయే కూతురిమీద పడినది. ఇట్టి పనులు పడు విధమే యది. కొడుకు బడినుండి వచ్చి సంచి విసిరి ఆటకు పోయెడివాడు. కూతురు బడినుండి వచ్చి బియ్యము కడిగెడిది.

అర్ధసంవత్సర పరీక్షలలో ఆమెకు లెక్కలలో మార్కులు తగ్గినవి. తల్లి ఏమియు అనలేదు. ఒక రాత్రి భోజనమైన పిదప ఆమె కూతురి నోటుపుస్తకము తెరచి చూచెను. ఒక సిద్ధాంతము సగము వ్రాసి విడువబడియున్నది. ఆ ప్రక్కపుటలోను అట్లే. పుట అంచున పసుపుపచ్చని వ్రేలిముద్ర యొకటి కలదు.

2019లో భారతప్రభుత్వపు గణాంకశాఖవారు దేశప్రజలు దినమును ఎట్లు గడుపుచున్నారో లెక్కించిరి. ఆరేండ్లు మొదలుకొని పై వయసు వారిని అడిగిరి. జీతములేని యింటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. ఇది ఆ పనులు చేయువారి సగటు మాత్రమే. ఏ దినమున చూచినను అట్టి పని ఏదైన చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. దగ్గరదగ్గరగా ఐదు గంటలు! ఉద్యోగమునకు పోవు స్త్రీకి ఆ గంటలు ఎక్కడనుండి వచ్చునని ప్రశ్నించినచో, నిద్రనుండి యనియో, కూతురి చదువునుండి యనియో చెప్పవలసియుండును.

రొట్టెలు కొనితెచ్చుకొనరాదా యని కొందరందురు. కొనవచ్చును. హైదరాబాదులో ప్రొద్దు గూకుచుండగా వీధిప్రక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చు స్త్రీలు పెక్కుచోట్ల కానవత్తురు. వారి చేతిలో రొట్టె తిరుగు వేగము చూచి తీరవలసినది. ఉద్యోగములనుండి మరలువారు నాలుగో ఐదో కట్టించుకొని పోవుదురు. ఆ సమయమున ఆ రొట్టెలమ్మ యింటిలో పిల్లలకు రొట్టెలు ఎవరు కాల్చుచున్నారో కొనువారు ఆలోచింపరు.

ఆదివారమునాడు తల్లి అందరిని కూర్చుండబెట్టి, "మధ్యాహ్నపు డ్యూటీ వారములలో సాయంత్రపు వంట తమ్ముడు చేయును. అక్క చదువుకొనును" అని చెప్పెను.

ముందుగా నాయనమ్మకు కోపము వచ్చెను. "మగపిల్లవానికి పొయ్యి అప్పగింతువా?" అనెను.

"అత్తమ్మా, పెండ్లిండ్లలో గాడిపొయ్యిల వద్ద నిలిచి గుండిగలు దించువారు ఎవరు? మగవారు కారా?" అని కోడలు నెమ్మదిగా నడిగెను.

నాయనమ్మకు వెంటనే జవాబు దొరకలేదు. తండ్రివైపు చూచినది. అతడు దినమంతయు బస్సులో నిలిచి కాళ్ళు నొప్పులు పుట్టుచున్నవని చెప్పెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. అయితే నర్సులు కూర్చుండి పనిచేయుదురని ఎవరును చెప్పలేదు. ఈ మాట అతనికి కూడ ఆ క్షణమున తోచియుండును. గిన్నెలు తోముట తన వంతని తానే యొప్పుకొనెను. కొంతసేపటికి నాయనమ్మ, "వానికి నేనే నేర్పెదను. ఆ గ్యాసువద్ద వాని నొంటరిగా విడువకుడు" అనెను.

ఆమె నేర్పిన తీరు చూడదగినది. ఆమెకు కన్నులు సరిగా కానరావు. అందుచే చెవితోను ముక్కుతోను నేర్పెను. వంటింటి గడపవద్ద పీటవేసికొని కూర్చుండెడిది. "బిడ్డా, నూనె చప్పుడు వినుము. సుయ్యిమని గట్టిగా మ్రోగుచున్నంతవరకు పిండిలో తడి యున్నదన్నమాట. చప్పుడు సన్నగిల్లినప్పుడు మూత తీయుము" అనెడిది. ఆ మాట శాస్త్రమునకు సరిపోవును. ఆ చప్పుడు నూనెది కాదు. వేడినూనె తగిలి ఆవిరియగుచున్న నీటిది. నీరు తగ్గినకొలది చప్పుడును తగ్గును. ఆ పిమ్మటనే అడుగు ఎఱ్ఱబడును, నువ్వుల వాసన లేచును. ఇంకను తడవు చేసినచో ఆ కమ్మని వాసనలో ఒక చేదు కలియును. ఆ చేదు రాకముందే దించవలెను.

కుఱ్ఱవాని మొదటి రొట్టె బొటనవ్రేలి మందమున నుండెను. రెండవదాని కొరకు వాడు కాగిన గిన్నెలోనే ముద్దవేసి, చేయి కాల్చుకొని, కేక వేసెను. అక్క పుస్తకము విడిచి పరుగెత్తివచ్చి ఆ చేతిని కుళాయినీటి క్రింద పట్టెను. "నీవు పోయి చదువుకొనుము, నేను చూచుకొందును" అని వాడు కన్నీళ్ళు తుడుచుకొనుచు చెప్పెను. అప్పుడు నాయనమ్మ తన ట్రంకుపెట్టె వెనుకనున్న పాత గిన్నెను తీయించెను. "ఒకటి పొయ్యిమీద నుండగా రెండవది నీళ్ళలో ఆరవలెను. నేను నలుగురు పిల్లలను ఈ రెండు గిన్నెలతోనే పెంచితిని" అనెను. అంతవరకు ఆ సంగతి ఆ యింటిలో ఎవరికిని తెలియదు, ఎవరును అడుగలేదు.

వారము దినములలో రొట్టె పలుచబడినది. తండ్రి సెలవునాడు శనగపప్పు నానవేయుటయు, పల్లీలు వేయించి దంచుటయు నేర్చుకొనెను. గిన్నెలు తోముట మాత్రము ఎంత చెప్పినను అతనికి సరిగా రాలేదు. అడుగున జిడ్డు మిగులుచుండెడిది. తల్లి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, మూతక్రింద నుంచిన ముక్కను పెరుగుతో తినెడిది. రొట్టె చల్లబడియుండెడిది. అయినను ఆమె వేడిచేసికొనక తినెడిది. ప్రక్కగదిలో దీపము వెలుగుచుండెను. కూతురు పైకి చదువుచున్న సిద్ధాంతము తలుపుసందునుండి వినవచ్చుచుండెను.

సంక్రాంతి దాటిన పిదప నాయనమ్మ కంటికి శస్త్రచికిత్స జరిగెను. ఈ దినములలో అది పెద్దపని కాదు. మసకబారిన కటకమును తీసి కృత్రిమమైనది అమర్తురు, బహుశః నాడే యింటికి పంపుదురు. కొన్నాళ్ళకు నల్లకళ్ళద్దములు తీసి ఆమె వంటింటిలోనికి వచ్చెను. పళ్ళెములోని సర్వపిండిని చేతిలోనికి తీసికొని, వెలుగులో పట్టి, అటునిటు త్రిప్పి చూచెను.

"ఇదేమి బిడ్డా! ఒకప్రక్క మందము, ఒకప్రక్క పలుచన. ఇన్నాళ్ళు నేను మెచ్చుకొన్నది దీనినేనా?" అనెను.

కుఱ్ఱవాడు రెండవగిన్నెను నీళ్ళలో త్రిప్పుచు, "చప్పుడు మాత్రము సరిగానే వచ్చినది, నాయనమ్మా" అనెను.

ఆమె ఒక ముక్క విరిచి నోట వేసికొని, మరియొకటి విరిచి, అక్కకు ఇచ్చి రమ్మని వాని చేతిలో పెట్టెను.