బూరన్న పది రోజులు

(మా వాడ ముచ్చట్లు – 17)



ఈ వారం హాస్టల్ మెస్సు బిల్లుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. ఈ వారం ఒక కుక్క గురించి రాయాలి. నవ్వకండి.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు వంటి చోట్ల నుంచి వీధికుక్కలను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టర్లకు తరలించాలని, పట్టుకున్న చోట మళ్ళీ వదలొద్దని దాని సారాంశం. ఆ మరుసటి సోమవారం మా క్లాసులో పాఠం సాగలేదు. సగం మంది కుక్కల పక్షం, సగం మంది కరిపించుకున్న వాళ్ళ పక్షం. వాదన వేడి మీదున్నప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మీరు ఎప్పుడైనా కుక్కను పెంచారా?" అంది.

"పెంచాను" అన్నాను. అబద్ధం. తెచ్చింది నేను. పెంచింది మా అమ్మ.

ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు హార్స్లీ హిల్స్ కింద, కురబలకోట మండలంలో ఉంది. పల్లెలో మాకు కుక్కలుండేవి గానీ 'మా కుక్క' అనేది ఉండేది కాదు. వాడంతటికీ నాలుగైదు కుక్కలు. ఎవరింట్లో సంగటి మిగిలితే ఆ వాకిట్లో పడుకునేవి. మెడకు తాడుండేది కాదు, పేరూ ఉండేది కాదు. పేరున్న కుక్కను నేను మొదట చూసింది అమ్మ పనిచేసే పెద్దింట్లో. దాని పేరు టైగర్. అమ్మ పశువుల కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, పెరటి గుమ్మం దగ్గర నిలబడి దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. టైగర్ ఆ గుమ్మం దాటి లోపలికి పోయి, వంటింటి పక్కన చాప మీద పడుకునేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. కోపం వచ్చిందని ఇప్పుడు రాస్తే గొప్పగా ఉంటుంది. నిజానికి నాకు వచ్చింది ఆశ. నాకూ ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక గేటు, ఆ గేటు దగ్గర పేరున్న ఒక కుక్క ఉండాలనిపించింది.

తర్వాత చదువుకున్నాను. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేల మందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువు నీళ్ళు ఎందుకు తాగాడో తెలిసింది. పశువులు తాగే నీళ్ళు, కుక్కలు తాగే నీళ్ళు మనుషులకు లేవు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురను ఊరి బయట ఉండమని, వాళ్ళ ఆస్తి కుక్కలూ గాడిదలేనని రాసింది. అదే సంవత్సరం డిసెంబరు 25న మహాడ్‌లోనే ఆ పుస్తకం తగలబడింది. జాషువా 'గబ్బిలం' పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఇదే చెబుతాను. గబ్బిలానికి గుడిలోకి దారి ఉంది, దాంతో కబురు పంపే మనిషికి లేదు. ఇంత చదివి, ఇంత చెప్పి కూడా, ఆ గేటు కుక్క ఆశ నా లోపల ఏదో మూల అలాగే ఉండిపోయింది.

2020లో కరోనా మొదలై కాలేజీలు మూతపడ్డాయి. మదనపల్లెలో అద్దింట్లో నేను, నా భార్య, మూడేళ్ళ పాప. ఫోనులో ఎవరో పంపిన ఫొటోల్లో ఒక లాబ్రడార్ కూన కనిపించింది. బెంగళూరు నుంచి బండిలో తెచ్చిచ్చారు, ఎనిమిది వేలు. ఆ నెల జీతం సగమే పడింది. అయినా కొన్నాను. నా భార్య ఒకే ప్రశ్న అడిగింది: "ఎవరు చూస్తారు?" "నేనే" అన్నాను. అంతకుమించి ఆలోచించలేదు. లాబ్రడార్ పది పన్నెండేళ్ళు బతుకుతుందని ఎవరూ దాచిపెట్టలేదు, నేనే లెక్కేయలేదు. పన్నెండేళ్ళలో మా పాప పదో తరగతి అయిపోతుంది. నా ఉద్యోగం ఏ ఊళ్ళో ఉంటుందో నాకే తెలియదు. ఏడాదేడాదికీ రెన్యువల్ కాగితం కోసం ఎదురుచూసే కాంట్రాక్టు లెక్చరర్‌ని నేను. రేపటి సంగతి తెలియని వాణ్ణి, పన్నెండేళ్ళ ప్రాణాన్ని ఇంటికి తెచ్చాను.

బ్రూనో అని పేరు పెట్టాను. అమ్మ నోరు తిరగక 'బూరన్న' అంది. అదే ఖాయమైంది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఫొటోలు పెట్టాను, మీలో చాలామంది లైకులు కొట్టారు. కాలేజీ తెరిచాక పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం ఆరుకు వచ్చేవాణ్ణి. 'నేనే' అన్న మాట నెలకొకసారి పశువుల ఆసుపత్రికి తీసుకుపోవడం దగ్గర ఆగింది. అన్నం, నీళ్ళు, పేడు, వెంట్రుకలు, దొడ్డికి తిప్పడం అన్నీ నా భార్య మీద పడ్డాయి. ఆమెకూ స్కూల్లో ఉద్యోగం ఉంది. కులం మీద అయిదు వందల పేజీల సిద్ధాంత వ్యాసం రాసినవాడికి ఇంట్లో ఎవరి శ్రమ ఎవరి మీద పడుతోందో కనిపించలేదు.

2023లో ఇంకో ఊరి కాలేజీకి పోవాల్సి వచ్చింది. అక్కడ అద్దిల్లు వెతకడం మొదలైంది. మనకు ఇల్లు వెతకడమంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొదట ఉద్యోగం అడుగుతారు, 'సార్' అంటారు, కుర్చీ వేస్తారు. తర్వాత సొంతూరు అడుగుతారు, ఊళ్ళో ఏ వీధని అడుగుతారు. చివరకు "మీరేమిటోళ్ళు సార్?" అని నేరుగానే అడుగుతారు. ఈసారి ఆ ప్రశ్న రాకముందే వాళ్ళకు ఒక సులువు దొరికింది. "కుక్క ఉందా సార్? అయితే కుదరదులెండి, ఏమీ అనుకోవద్దు." పదకొండు ఇళ్ళు తిరిగాను. అందులో ఎందరు నిజంగా కుక్కకు భయపడ్డారో, ఎందరు కుక్కను అడ్డం పెట్టుకున్నారో నేను చెప్పలేను. ఒక ఇంటివాళ్ళ గేటుకు మాత్రం 'కుక్క ఉన్నది జాగ్రత్త' అనే బోర్డు వేలాడుతోంది.

బూరన్నను అమ్మ దగ్గర వదిలాను. 'కొన్నాళ్ళు' అన్నాను. అమ్మను అడగలేదు, చెప్పానంతే.

అమ్మకు అరవై దాటాయి. తెల్లారకముందే టమాటా తోటలకు కోతకు పోతుంది. మదనపల్లె మార్కెట్టుకు పోయే పెట్టెలు నిండాలంటే చీకట్లోనే చేతులు కదలాలి. పోయేముందు బూరన్నను వేపచెట్టుకు కట్టేసి, సంగటి ముద్ద, నీళ్ళు పెట్టి పోయేది. మధ్యాహ్నం వచ్చేదాకా అది ఆ గొలుసు పొడవులోనే ఉండాలి. పరుగెత్తడానికి పుట్టిన కుక్క అది. వేసవిలో చెవుల నిండా పిడుజులు పట్టేవి. అమ్మ కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్కటీ తీసేది. ఆ పనికి మందుందని, కిరోసిన్ చర్మానికి మంచిది కాదని నాకు తెలుసు. ఫోనులో చెప్పాను కూడా. మందు మాత్రం పంపలేదు.

నిరుడు మేలో పక్కింటి పిల్లోడు, ఏడేళ్ళవాడు, బంతి కోసం చెట్టు కిందికి పోయాడు. బూరన్న వాడి పిక్క పట్టుకుంది. రెండు పళ్ళు దిగాయి. అమ్మ సబ్బు పెట్టి ధారగా నీళ్ళు పోసి గాయం కడిగి, వాణ్ణి ఎత్తుకుని బస్సెక్కి ఆసుపత్రికి తీసుకుపోయింది. అదే రోజు మొదటి సూది పడింది. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగు రోజుల కూలి పోయింది. పిల్లోడి తల్లి కూలి కూడా పోయింది. డాక్టరమ్మ కుక్క టీకా పుస్తకం అడిగింది. అది నా బీరువాలో ఉంది. తీసి చూశాను. ఏడాదికొకసారి వేయించాల్సిన రేబిస్ టీకా గడువు దాటి అయిదు నెలలైంది.

ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చిన విషయం ఇది. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చావుల్లో పిల్లలవి ఎక్కువ. రోగం బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. వేళకు టీకా పడితే దాదాపు ఎవరూ చావరు. కుక్కకు ఏడాదికొక సూది. నేను చేయాల్సిన పని అంతే.

నాలుగో రోజున ఊరికి పోయాను. వాడ పెద్దమనిషి ఒకాయన, "కొండమీద ఇడిసిపెట్టి రాప్పా. టూరిస్టులు బిస్కెట్లు ఏస్తారు, బతుకుతాది" అన్నాడు. కాదనలేదు. మిత్రుడి కారు తీసుకుని, అమ్మ తోట నుంచి రాకముందే బూరన్నను వెనక సీట్లో ఎక్కించుకున్నాను. అది కిటికీలోంచి తల బయటపెట్టి ఘాటు రోడ్డు మలుపులన్నీ సంతోషంగా చూసింది. షికారుకు తీసుకుపోతున్నాననుకుంది.

హార్స్లీ అనేది ఈ కొండ అసలు పేరు కాదని మీకు తెలుసు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఎండాకాలం బంగళా కట్టుకోకముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. మల్లమ్మను ఏనుగులు చూసుకున్నాయని మా వైపు కథ. ఆమె గుడి ఇప్పటికీ పైన ఉంది. మృగాలు మనిషిని సాకిన కొండ మీదికి మనిషినైన నేను కుక్కను వదిలేయడానికి పోయాను.

గాలిబండకు కాస్త దూరంలో ఆపి, గొలుసు తీసేశాను. అంగట్లో బిస్కెట్ ప్యాకెట్టు కొంటుంటే అంగడామె నన్నూ, కుక్కనూ, చేతిలో ఖాళీ గొలుసునూ చూసి, "ఇడిసిపెట్టను వచ్చినారా సార్?" అంది. తిట్టలేదు. ఎన్ని చూసిందో, ధర అడిగినంత మామూలుగా అడిగింది. జవాబు చెప్పేలోపల ఫోను మోగింది. అమ్మ.

"యాడుండావురా?"

చెప్పాను.

"పిల్లోడికి సూదేసిన డాక్టరమ్మ ఏం జెప్పింది? కుక్కను పది దినాలు కట్టేసి కనిపెట్టుకోమనింది గదా. అది బాగుంటే పిల్లోడికి బయం లేదని జెప్పింది. ఇప్పటికి నాలుగు దినాలే అయింది. నువ్వు దాన్ని ఆడ ఇడిసిపెట్టి వస్తే, రేపు ఆ తల్లికి నేనేం జెప్పల్ల?"

సూదులు ఎలాగూ ఆపకూడదు. కానీ కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా బతికితే, కరిచినప్పుడు దాని ఉమ్మిలో రేబిస్ లేదని అర్థం. వదిలేస్తే ఆ నిదానం ఎప్పటికీ దొరకదు. పైగా రోగమే ఉండి ఉంటే కొండ మీద ఇంకెందరికో. ఈ సంగతి పీహెచ్‌డీ చేసిన నేను పుస్తకంలో చదివాను. బడి ముఖం చూడని అమ్మ ఒకసారి విని గుర్తుపెట్టుకుంది. ఎందుకంటే ఆ పక్కింటి గుమ్మం ముందు రోజూ నిలబడాల్సింది ఆమె.

బూరన్న కారు పక్కనే కూర్చుని ఉంది. ఎక్కించుకుని దిగాను. పది రోజులూ సెలవు పెట్టి వాడలోనే ఉన్నాను. పదో రోజు పిల్లోడి తల్లి వచ్చి, దూరం నుంచి దాన్ని చూసి, ఏమీ మాట్లాడకుండా పోయింది. ఆ మౌనం నాకు రావాల్సిందే.

తర్వాత చట్టం చదివాను. జంతు హింస నివారణ చట్టం, 1960, 11వ సెక్షన్ ప్రకారం సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం నేరం. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. నేను కొన్న బిస్కెట్ ప్యాకెట్టూ ఆ లెక్కలోకే వస్తుంది. ఎనిమిది వేలకు కొన్నవాణ్ణి పది రూపాయలతో వదిలించుకోవచ్చు. అలా గేటెడ్ ఇళ్ళ నుంచి వదిలేసినవి ఎక్కడికి పోతాయి? చెత్త ఉన్న చోటికి, ప్రహరీ లేని బడికి, తలుపుల్లేని ఇళ్ళున్న వాడకు పోతాయి. కరిపించుకునేది అక్కడి పిల్లలు. వల పట్టుకుని వచ్చేది ఎవరో మునిసిపాలిటీలో చూడండి, నేను చూసినంతలో మనవాళ్ళే. కుక్కల్ని ప్రేమించేవాళ్ళ తిట్లూ, కుక్కలంటే భయపడేవాళ్ళ తిట్లూ రెండూ తినేది వాళ్ళే.

'పరియేరుం పెరుమాళ్' చూసి కరుప్పి కోసం మనమందరం ఏడ్చాం. పట్టాలకు కట్టేసిన వాళ్ళ కులం గురించి పోస్టులు రాశాం. రాయాలి కూడా. తెలుగు పాఠంలో నన్నయ ఆదిపర్వంలో సరమ కథ చెబుతాను. తప్పు చేయని కుక్కను కొడితే దాని తల్లి రాజునే నిలదీస్తుంది. తిక్కన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క గురించి చెబుతాను. స్వర్గం వద్దంటాడు గానీ కుక్కను వదలనంటాడు. అది చెప్పినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొడతారు. ఈ ఏడాది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.

క్లాసులో అడిగిన అమ్మాయికి నా జవాబు ఇది. కుక్కను తేవాలనుకుంటే ముందు ఒక కాగితం తీసుకో. పన్నెండేళ్ళు వేసుకో. ఏడాదికొక రేబిస్ సూది, పిడుజుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, నెల తిండి ఖర్చు రాయి. నీకు బదిలీ అయితే, జబ్బు చేస్తే, ఉద్యోగం పోతే ఎవరు చూస్తారో పేరు రాయి. ఆ పేరు మీ అమ్మదో, అత్తదో, పనిమనిషిదో అయితే, ముందు ఆమెను అడిగి సంతకం చేయించు. సంతకం దొరక్కపోతే కుక్క వద్దు. వీధి కూనకు టీకా వేయించి, రోజూ ఒక ముద్ద పెట్టు. మన వాడలు ఎప్పుడూ చేసింది అదే.

ఇప్పుడు బూరన్న నా దగ్గరే ఉంది. ఆ ఊరి చివర, మనవాళ్ళ కాలనీలో రెండు గదుల ఇల్లు దొరికింది. ఇంటాయన కులం అడగలేదు, కుక్కను అడిగాడు. టీకా పుస్తకం చూపించాను. పొద్దున అయిదింటికి నేనే తిప్పుతాను.

దాన్ని తీసుకొచ్చే రోజు అమ్మ చేతిలో నాలుగు రోజుల కూలి పెట్టాను. కొంగులో ముడేసుకుంటుందనుకున్నాను. నోట్లు లెక్కబెట్టింది. మళ్ళీ లెక్కబెట్టింది.

"ఇది ఆసుపత్రికి పోయిన దినాలకు. ఇంగ రెండేండ్లు సాకినానే, దాని లెక్క?"

నా దగ్గర జవాబు లేదు. నెలనెలా కొంత పంపుతున్నాను. ఆమె లెక్క రాస్తోంది.

జై భీమ్.