ఒక పాత కారు నేర్పిన పాఠము

అమెరికాలోని సౌత్ బెండు పట్టణమున 1963లో తయారైన స్టూడిబేకరు అవాంటి కారొకటి మా మిత్రుని కడ కలదు. అది ఆయన తండ్రిగారిది. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజనునకు సూపర్‌చార్జరు అమర్చబడియున్నది. బెల్టుచే తిరుగు ఆ యంత్రము గాలిని అదిమి కార్బురేటరులోనికి పంపును. వేగము హెచ్చినకొలది గాలి పీడనమును హెచ్చును.

ఆ కారు మెల్లగా పోవునపుడు చక్కగ నడచి, వేగము హెచ్చగనే ఉక్కిరిబిక్కిరియై నిలిచిపోవుచుండెను. ఇంజను నంతయు విప్పవలసివచ్చునేమోయని మిత్రుడు దిగులుపడెను. మేము మొదట బెల్టును, స్పార్కు ప్లగ్గులను చూచితిమి. అవి బాగుగనే యుండెను. పిదప పెట్రోలు పీడనమును కొలిచితిమి. గాలి పీడనము పెరిగినను ఇది పెరుగకుండెను. గాలికంటె పెట్రోలు పీడనము మిన్నగా లేనిచో కార్బురేటరులోనికి పెట్రోలు చేరజాలదు. అందులకై ఆ గాలి పీడనమును పెట్రోలు పంపునకు అందించు సన్నని రబ్బరు గొట్టమొకటి కలదు. ఏండ్లు గడచుటచే అది బీటలువారెను. పెట్రోలు చాలక అటులే పరుగెత్తించినచో పిస్టనులు వేడికి కరగిపోవుటయు కలదు.

గొట్టమును మార్చితిమి, కారు మునుపటివలె పరుగిడెను. విద్యార్థులారా! ఏది చెడినదని వెదకుటకు ముందు, ఎప్పుడు చెడుచున్నదని యోచింపుడు. సగము జవాబు అందే యుండును.