సుత్తి దెబ్బకీ సుత్తి దెబ్బకీ మధ్య

గంట కొట్టే వేళయిందంటే చాలు, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ గడియారం ముందు బెంచీలు నిండిపోతాయి. మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది. వేళకు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. ఇక మధ్యాహ్నం పన్నెండింటికైతే చెప్పక్కర్లేదు, పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ చూపిస్తారు. కుక్ అండ్ కెల్వీ కంపెనీ కలకత్తాలో బిగించిన గడియారమది.

చప్పట్లన్నీ గడ్డం బొమ్మకే. కష్టమంతా కమ్మరి బొమ్మది! సుత్తి పట్టుకుని సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది పాపం.

మరి రెండు దెబ్బల మధ్య టైమెంత? కమ్మరిని అడిగితే చెప్పలేడు. చూడ్డానికొచ్చినవాళ్లకు అంత లెక్క అక్కర్లేదు కూడా. కానీ కంప్యూటర్‌కు కావాలి.

కంప్యూటర్‌లోనూ ఒక కమ్మరి ఉన్నాడు. టైమర్ చిప్ అన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌ను అది క్రమం తప్పకుండా తట్టి లేపుతుంటుంది. ఆ తట్టడాన్నే క్లాక్ ఇంటరప్ట్ అంటారు. మామూలు పీసీల్లో నడిచే లినక్స్‌కు చాలాకాలం సెకనుకు 100 దెబ్బలే. 2003 చివర్లో వచ్చిన 2.6 వెర్షన్‌లో వాటిని 1000 చేశారు. 2005లో మళ్లీ 250కి దించారు. దెబ్బ పడ్డప్పుడల్లా ప్రాసెసర్ చేతిలో పని వదిలేసి చూడాలి కదా! పనీ కుంటుపడుతుంది, కరెంటూ దండగ.

అలాగని 100తో సరిపెట్టుకుంటే? దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకనులో నూరో వంతు. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ సందులోనే కోటి అడుగులు వేసేస్తుంది. ఆ కోటి అడుగుల్లో జరిగిన పనులన్నింటికీ ఒకే టైము పడితే ఏది ముందో, ఏది వెనకో తేల్చేదెలా?

అందుకే కెర్నెల్ ఓ బాటసారి ఉపాయం పట్టుకుంది. మైలురాయి దాటాక ఎన్ని అడుగులు వేశామో లెక్కపెట్టుకుంటే, తర్వాతి రాయి రాకముందే ఎక్కడున్నామో తెలుస్తుంది. ప్రాసెసర్ తన అడుగుల్ని తానే లెక్కపెట్టే కౌంటర్ 1993 నాటి పెంటియంలోనే ఉంది. దెబ్బ పడ్డప్పుడు కెర్నెల్ టైమునీ, కౌంటర్ అంకెనీ గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా టైమడిగితే కౌంటర్ మళ్లీ చూసి, పెరిగినదాన్ని సెకన్ల లెక్కలోకి మార్చి, పాత టైముకు కలిపి చెబుతుంది.

బాగానే ఉంది కానీ, అడుగు వేగం మారితే? కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ నెమ్మదిస్తే కొన్ని రకాల్లో కౌంటర్ కూడా నెమ్మదించేది. లెక్క తప్పేది. తర్వాతి ప్రాసెసర్లలో పని వేగం ఎంత మారినా కౌంటర్ మాత్రం ఒకే వేగంతో నడిచేలా చేశారు.

అయినా తేడాలు రాకుండా పోవు. గోడగడియారమూ అంతే. ఎండాకాలం లోలకం కడ్డీ సాగుతుంది. ఉక్కు కడ్డీ అయితే 20 డిగ్రీల వేడి పెరిగినప్పుడు రోజుకు 10 సెకన్ల దాకా వెనకబడుతుంది. తెలిసినవాళ్లు ముల్లు తిప్పి ఊరుకోరు, లోలకం కింద మర సరిచేస్తారు. కెర్నెల్ కూడా ఆ తెలివే చూపిస్తుంది. 1985 నుంచి వాడుకలో ఉన్న ఎన్‌టీపీ పద్ధతిలో నెట్‌వర్క్ మీద సరైన టైము తెలుసుకుని, తేడా చిన్నదైతే గడియారం నడకనే కాస్త పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ముందున్న టైమును అమాంతం వెనక్కి జరిపితే, ఫోన్లో మాట్లాడటం మొదలుకాకముందే ముగిసినట్టు బిల్లు రాదూ!

2007లో లినక్స్ ఇంకో అడుగు వేసింది. పనేమీ లేనప్పుడు ఆ దెబ్బలనే ఆపేసింది. కమ్మరి కునుకు తీసినా కౌంటర్ నడుస్తుంటే చాలు, లేచాక లెక్క కట్టుకోవచ్చు. మిషన్ పూర్తిగా ఆపేసినప్పుడు మాత్రం ఆ కౌంటరూ ఉండదు. అప్పుడు టైము కాపాడేది బోర్డు మీద బిళ్లంత బ్యాటరీతో నడిచే చిన్న గడియారం. అందులో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. చార్మినార్ దగ్గర బండి మీద అమ్మే చవక చేతివాచీలో ఉండేదీ అదే.