ఎర్రర్ రాని తప్పు

'ఆర్' ప్రోగ్రామింగ్ భాషలో ఎర్రర్ వస్తే నాకు భయం లేదు, ఎక్కడ ఆగిందో అదే చెప్తది. కిక్కురుమనకుండా జవాబిచ్చినప్పుడే అనుమానం.

మన తెలంగాణ జిల్లాల డేటానే చూడండి. 2011 జనగణనలో ఉన్నవి పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్. కొత్త జిల్లాలు ఏర్పడ్డ 2016 అక్టోబర్ 11 తర్వాతి ఫైళ్లలో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వేరు. జిల్లా పేరు మీద ఈ రెండు రకాల ఫైళ్లను కలుపుదామని 'మెర్జ్' కొడితే కలవని వరుసలు చప్పుడు లేకుండా మాయం. 'లెఫ్ట్ జాయిన్' నయం, వరుస ఉంచి, విలువ లేని చోట ఎన్ఏ పెడ్తది. ఆ ఎన్ఏలను తీసేసి సగటు కట్టేటోళ్లను ఏమనాలె?

పోనీ కొత్త జిల్లాలన్నీ కూడితే పాత కరీంనగర్ వస్తదా? రాదు. హుస్నాబాద్ సిద్దిపేటకు, కాటారం, మహదేవపూర్ భూపాలపల్లికి పోయినయి. మండలాలూ కొత్తవి పుట్టినయి. ఊరి స్థాయికి దిగి, పేరు మీద కాకుండా సెన్సస్ కోడ్ మీద కలపాల్సిందే.

కోడ్ లేని ఫైలైతే మొదలు 'యాంటీ జాయిన్' కొట్టి, కలవనివేవో చూడండి. ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో ఆసిఫాబాద్ జిల్లా పేరులోని కొమురం భీం ఒక్కో ఫైల్లో ఒక్కో తీరుంటడు. పేరు చివర ఒక్క ఖాళీ ఉన్నా ఆర్‌కు అది వేరే ఊరే. దానికి మాత్రం 'ట్రిమ్‌డబ్ల్యుఎస్' చాలు.