వాడ నుంచి వర్సిటీకి – 11: నిచ్చెన లెక్క

మొన్న మంగళవారం రాత్రి పదకొండు దాటాక ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్ వచ్చింది. బీటెక్ ఫస్టియర్ తమ్ముడు. పేరు, కాలేజీ చెప్పను. "అన్నా, మాథ్స్ ఫస్ట్ మిడ్‌లో 30కి 4 వచ్చాయి. కాలిక్యులస్ ఒక్క ముక్క ఎక్కట్లేదు. మనకి లెక్కలు రావేమో అన్నా. ఇంటికెళ్లిపోదాం అనుకుంటున్నా."

రోహిత్ వెళ్లిపోయిన 2016 జనవరి 17 తర్వాత, ఇలాంటి మెసేజ్‌ని పొద్దున చూద్దాంలే అని పక్కనపెట్టే ధైర్యం నాకు లేదు. వెంటనే ఫోన్ చేశా. అన్నం తిన్నావా అన్న దగ్గర మొదలుపెట్టి, గంట తర్వాత లెక్కల దాకా వచ్చాం. ఫోన్ పెట్టేశాక కూడా ఒక మాట నన్ను వదల్లేదు. వాడు "నాకు లెక్కలు రావేమో" అనలేదు. "మనకి" అన్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్లోడు ఒక్క పరీక్ష తప్పి, మొత్తం మన వాడనే ఫెయిల్ చేసేశాడు.

ఆ "మనకి" అనే మాట నా లోపల కూడా ఒక ఏడాది కాపురం చేసింది. అందుకే ఈ వారం రాస్తానన్న మెస్ బిల్లుల కథ వాయిదా వేసి, కాలిక్యులస్ గురించి రాస్తున్నా. లెక్కలంటే భయం ఉన్నవాళ్లు కూడా చదవండి. ఒక్క లెక్కే ఉంటుంది. అది కూడా నిచ్చెన లెక్క.

నాది తెలుగు మీడియం. ఇంటర్ ఎంపీసీ గురుకులంలో చదివా. టూ-బీ పేపర్లో 75కి 71. అవధి, అవిచ్ఛిన్నత, అవకలనం, సమాకలనం... తెలుగు అకాడమీ పుస్తకంలోని ఈ మాటలు నాకు మా చుట్టాల పేర్లంత తెలుసు. 2003లో యూనివర్సిటీకి వచ్చి ఎం-వన్ క్లాసులో కూర్చున్నా. సారు లిమిట్, కంటిన్యుటీ, డెరివేటివ్ అంటూ దూసుకుపోయాడు. అవే సంగతులు, అవే గుర్తులు. బోర్డు మీద రాసింది అర్థమయ్యేది, బోర్డు ముందు మాట్లాడింది అర్థమయ్యేది కాదు. తెలిసిన మనిషే కొత్త చొక్కా వేసుకుని నన్ను గుర్తుపట్టనట్టు పోతున్నాడనిపించేది.

భాష ఒక్కటే కాదు. ఇంటర్లో లిమిట్ అంటే జవాబు రాబట్టడం. ఇక్కడ అదొక పందెం. అవతలివాడు ఎప్సిలాన్ అనే తేడా ఎంత చిన్నదైనా ఇవ్వొచ్చు. దానికి సరిపోయే డెల్టా నువ్వు చూపించాలి. ప్రతిసారీ చూపించగలగాలి. మాకు లెక్క చెయ్యడం నేర్పారు గానీ, అలా ఎందుకు చేస్తామో చెప్పమని ఎవరూ అడగలేదు. ఒకసారి లేచి తెలుగులో డౌటు అడిగా. "ఇది ఇంటర్మీడియట్ కాదు" అన్నాడు సారు. క్లాసు నవ్వింది. ఆ తర్వాత నా చెయ్యి లేవలేదు.

నా రూమ్మేట్ కూడా మనోడే. ఆ రాత్రి అన్నాడు: "లిమిట్ అంటే మా ఊరి బావిరా. ఎంత దగ్గరికైనా రావచ్చు, ముట్టుకోకూడదు." లెక్క ప్రకారం అది పూర్తిగా కరెక్టు కాదు. ముట్టుకోకూడదనే రూలేం లేదు, సరిగ్గా ఆ బిందువు దగ్గర ఏముందో లిమిట్‌కి అక్కర్లేదు, అంతే. కానీ ఆ రాత్రి మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ఏడాది నేను గట్టిగా నవ్విన రోజు అదొక్కటే.

ఫస్ట్ మిడ్‌లో నాకు 20కి 3. మార్కులు క్లాసులో గట్టిగా చదివారు. మర్నాడు నోటీసు బోర్డు మీద "రెమెడియల్ క్లాస్" లిస్టు పెట్టారు. హాల్ టికెట్ నంబరు, పేరు, పక్కన కేటగిరీ. లెక్కల క్లాసుకి కులం కాలమ్ ఎందుకో ఇప్పటికీ నాకు తెలీదు. సాయంత్రం ఆ క్లాసుకెళ్లే దారి క్యాంటీన్ ముందు నుంచి పోతుంది. మాలో ఒక్కడూ పోలేదు. "అవకాశం ఇచ్చినా రారు" అని డిపార్ట్‌మెంట్లో అనుకున్నారట.

నేను తలుపేసుకుని చదివా. నాకు తెలిసిన దారి అదే. పదో క్లాసు దాకా మా ఇంట్లో, మా వీధిలో, నా లెక్కలు చూసి చెప్పగలిగినవాళ్లు లేరు. ఒక్కణ్ణే చదివి ఇక్కడిదాకా వచ్చా. ఎవర్నీ అడక్కపోవడమే నా ఆత్మగౌరవం అనుకున్నా. గ్రేవాల్ పుస్తకంలో చేసి చూపించిన లెక్కలన్నీ బట్టీ పట్టా. మా వరండా చివరి గదిలో మాత్రం రోజూ రాత్రి గోల. ఏడెనిమిది మంది ఒకే కోచింగ్ నుంచి వచ్చినవాళ్లు, జవాబుల మీద కొట్టుకునేవాళ్లు. "నీది తప్పు", "ఏదీ చూపించు." సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఆ గదికే చేరేవి. మమ్మల్ని రావొద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. వీళ్లకి చదువు మీద ధ్యాస లేదనుకుని తలుపు ఇంకా గట్టిగా వేసేవాణ్ణి. చదువంటే ఆ గోలేనని నాకు తెలియలేదు.

ఫైనల్స్‌లో ఎం-వన్ పోయింది. నా రూమ్మేట్‌కి అదొక్కటే కాదు, నాలుగు పోయాయి. డిటైన్ చేశారు. స్కాలర్‌షిప్ ఆగింది. మెస్ బాకీ పెరిగింది. ఒకరోజు నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి వాడి ట్రంకు పెట్టె లేదు. తర్వాత వాడు చీమకుర్తి వైపు గ్రానైట్ పనికి పోయాడని తెలిసింది. నాకంటే లెక్క బాగా వచ్చినవాడు. బావి గురించి జోకెయ్యాలన్నా లిమిట్ ఎంతో కొంత అర్థమై ఉండాలి కదా.

సప్లిమెంటరీకి చదువుకుందామని సెలవుల్లో ఇంటికొచ్చా. మా నాయన ఊళ్లో ఇళ్లకి సున్నాలేసేవాడు. నేను పంచలో కూర్చుని ఒక లెక్క బట్టీ పడుతున్నా. కాలిక్యులస్ పుస్తకాల్లో తరచూ కనిపించే లెక్కే. 13 అడుగుల నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని కింది కొస గోడ నుంచి దూరంగా సెకనుకి 2 అడుగుల చొప్పున జారుతోంది. కింది కొస గోడకి 5 అడుగుల దూరంలో ఉన్నప్పుడు పై కొస ఎంత వేగంతో దిగుతోంది?

నాయన పుస్తకంలోకి తొంగి చూశాడు. "ఏందిరా ఆ బొమ్మ?"

"నిచ్చెన నాయనా. జారుతోంది."

"కింద ఎవురూ పట్టుకోలా?"

నాకు నవ్వొచ్చింది. "లెక్కలో ఎవరూ ఉండరు."

"కింద మనిషి లేకుండా నిచ్చెన ఎక్కించినోడు ఎవుడు?" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, నేను ఎనిమిదో క్లాసులో ఉండగా తను పడిన సంగతి చెప్పాడు. రెండు నెలలు మంచం మీదున్నాడు అప్పుడు. ఇల్లుగలాయన రెండో కూలీకి డబ్బులు దండగని ఒక్కణ్ణే పెట్టుకున్నాడట. "జారేటప్పుడు మొదట తెలీదురా. కొంచెం కదిలిందేలే అనుకుంటాం. సగం దాటినాక దూకడానిక్కూడా టైముండదు."

నేను పెన్సిలు తీసుకుని మొదటిసారి ఆ లెక్క నిజంగా చేశా. నిచ్చెన, గోడ, నేల కలిస్తే లంబకోణ త్రిభుజం. గోడ నుంచి దూరం వర్గం, ఎత్తు వర్గం కలిపితే ఎప్పుడూ 169. రెండూ కాలంతో మారుతున్నాయి, మొత్తం మాత్రం మారదు. దాన్ని అవకలనం చేస్తే తేలేది ఇంతే: దూరాన్ని అది పెరిగే వేగంతో గుణిస్తే ఎంతో, ఎత్తుని అది తగ్గే వేగంతో గుణిస్తే అంతే. దూరం 5 అడుగులుంటే ఎత్తు 12. ఐదు రెళ్లు పది, దాన్ని 12తో భాగించు. సెకనుకి పది అంగుళాలు. అదే నిచ్చెన, కింద అదే వేగం. దూరం 12కి చేరితే ఎత్తు 5. పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు, దాన్ని ఐదుతో భాగించు. సెకనుకి 4.8 అడుగులు. దాదాపు ఆరు రెట్లు. ఈ రెంటికీ మధ్య మూడున్నర సెకన్లు.

నాయన చెప్పింది అక్షరాలా నిజం. డీవై బై డీటీ అంటే మా నాయన పడిన వేగం. ఏడాదంతా బట్టీ పట్టినా ఎక్కనిది ఆ పంచలో ఎక్కింది.

కాలేజీకి తిరిగెళ్లాక బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని వెతికా. నలుగురం దొరికాం. ఒక యానాది పిల్లోడు, కర్నూలు నుంచి వచ్చిన ఒక ముస్లిం పిల్లోడు, వెల్ఫేర్ హాస్టల్లో పెరిగిన ఒక మాల అమ్మాయి, నేను. లైబ్రరీ మెట్ల మీద రోజూ రెండు గంటలు. ఒకటే నియమం పెట్టుకున్నాం: ఎందుకో చెప్పకుండా ఎవరూ జవాబు రాయకూడదు. చెప్పడం తెలుగులోనే, రాయడం ఇంగ్లీషులో. మేం కూడా కొట్టుకోవడం మొదలెట్టాం. "నీది తప్పు", "ఏదీ చూపించు." సప్లిమెంటరీలో నలుగురం గట్టెక్కాం. మా రూమ్మేట్‌కి మాత్రం ఆ మెట్లు ఏడాది ఆలస్యమయ్యాయి.

చాలా ఏళ్లకి, క్యాంపస్ వివక్ష మీద పనిచేస్తున్నప్పుడు, ఒక మిత్రుడు యూరి ట్రైస్‌మన్ వ్యాసం చదవమని ఇచ్చాడు. 1992లో అచ్చయింది. 1970లలో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో నల్లజాతి పిల్లలు మొదటి ఏడాది కాలిక్యులస్‌లో ఎక్కువగా ఫెయిలవుతున్నారు. ఎందుకని అధ్యాపకుల్ని అడిగితే పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదు, పేదరికం అన్నారు. మనం వినే పాటే. ట్రైస్‌మన్ ఇరవై మంది నల్లజాతి పిల్లల్ని, ఇరవై మంది చైనా మూలాలున్న పిల్లల్ని దగ్గరుండి గమనించాడు. ఆ కారణాలేవీ నిలబడలేదు. కనిపించిన తేడా ఒకటే. చైనా మూలాల పిల్లలు కలిసి కూర్చుని ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. అక్కడిదాకా వాళ్లని తెచ్చింది ఆ ఒంటరి పట్టుదలే. అక్కడ వాళ్లని ముంచిందీ అదే.

నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయా. తలుపేసుకున్న నా గది గుర్తొచ్చింది.

ట్రైస్‌మన్ వాళ్లకి రెమెడియల్ క్లాసు పెట్టలేదు. తేలిక లెక్కలు ఇవ్వలేదు. కష్టమైన లెక్కలిచ్చి, గుంపుగా కూర్చోబెట్టాడు. మీరు వెనకబడ్డారు రండి అనకుండా, మీరు పైకెళ్లేవాళ్లు రండి అన్నాడు. ఫెయిలయ్యేవాళ్లు బాగా తగ్గిపోయారు.

కొందరు అడుగుతారు, ఉద్యమం వదిలేసి లెక్కలు చెప్తున్నావేంటన్నా అని. మిసిసిపీలో నల్లజాతివాళ్ల ఓటు కోసం దెబ్బలు తిని జైలుకెళ్లిన బాబ్ మోజెస్, 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఓటు ఎంతో ఇప్పుడు లెక్కలు అంత అన్నాడు. లెక్కలు రాకపోతే పౌరసత్వం సగమే అని ఆయన నమ్మకం. అది ఉద్యమం కాకపోతే ఏది ఉద్యమమో నాకు తెలీదు.

ఒక్క మాట. కలిసి చదువుకోండి అంటే యాజమాన్యాల్ని వదిలేయమని కాదు. కులం కాలమ్ పెట్టిన లిస్టుని చింపాలి. లేటయ్యే స్కాలర్‌షిప్పుల్ని నిలదీయాలి. డౌటు అడిగితే నవ్వే క్లాసుల మీద కంప్లయింట్ రాయాలి. నిచ్చెన ఎక్కించినోడు ఎవుడు అన్నది మా నాయన ప్రశ్నే. కానీ జవాబు వచ్చేలోపు పైన ఉన్నవాడు పడకూడదు.

మంగళవారం రాత్రి ఆ తమ్ముడికి ఈ లెక్కే చెప్పా. 30కి 4 అంటే నువ్వు ఇంకా సెకనుకి పది అంగుళాల దగ్గరున్నావు, ఇప్పుడే పట్టుకోవాలి అని. నీ క్లాసులో నీలాంటివాళ్లు ఎంతమంది అంటే, ముగ్గురున్నారు అన్నాడు. మాట్లాడావా అంటే, లేదన్నాడు. సిగ్గట. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఇద్దరు వచ్చారట, ఒకరు రాలేదట. ఆ రాని ఒకరి గదికి ఇవాళ సాయంత్రం వెళ్తానన్నాడు.

సీనియర్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, లెక్కల టీచర్లు, వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే మీ ఊరి పేరు కింద రాయండి. ఫస్ట్ మిడ్ మార్కులు వచ్చే రోజులివి. ఫైనల్స్ దాకా ఆగొద్దు.

జై భీమ్.