మెట్టసీమలో ఇంటి నేల

నెల్లూరు మండలమునకు పడమట, వెలిగొండల దాపున ఆత్మకూరు, ఉదయగిరి యను ఊళ్లు కలవు. ఈ మెట్టసీమలో ఎండలు మిక్కుటము, వాన లల్పము. కాని ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున వాయుగుండము పుట్టెనేని, నాలుగునాళ్లు తెరపిలేక కురియును. మే నెలలో కాలు మోపనీయని నేలయే నవంబరులో చెమర్చుచుండును. కావున ఇచ్చట ఇల్లు కట్టుకొను గృహిణి గోడల రంగుకంటె ముందు నేలను గూర్చి విచారింపవలెను.

ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవుచు దారిలోని యిండ్లను పరికించితిని. పాత మట్టియిండ్లలో పేడతో నలికిన నేల చల్లనిదే కాని, మాటిమాటికి నలుకవలెను, ముసురులో నారదు. తరువాతి యిండ్లలో కడపబండలు, క్రొత్త మేడలలో అద్దమువలె మెఱయు విట్రిఫైడు పలకలు కానవచ్చెను. ఉదయగిరి కొయ్యగరిటెలకు ప్రసిద్ధి. అయినను కొయ్యపలకలు పఱచిన నేల యొక్కటియు నాకు కనబడలేదు. కొయ్య తేమకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును, పైగా చెదలభయము. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన ఆ దుర్గమునందు నేటికిని నిలిచియున్నది రాయియే కదా!

కడపబండ సున్నపురాయి. కొండల కావలి సీమనుండి వచ్చును గాన మనకు సులభముగా దొరకును. నునుపు పట్టనిచో కాలికి పట్టు నిచ్చును. అయితే నిమ్మరసము, చింతపండు పులుసు, ఆసిడు తగిలిన తెల్లని మచ్చ పడును; నల్లబండ ఎండ తగులు ముంగిట కాలును. విట్రిఫైడు పలక తన బరువులో నూటికి అరవంతు నీటినైనను పీల్చదు గనుక మరక లంటవు. కాని మెఱుగుపలకపై తడికాలు నిలువదు.

మా అత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. ఆ వయసున తుంటియెముక విఱిగినచో మరల నడచుట మిక్కిలి కష్టము. మెఱుగు వచ్చిపోవువారి కన్నులకింపు. గరుకు ఇంటివారి కాళ్లకు కాపు. అందుచే వారి గదికిని, పంచకును గరుకుబండయే నిర్ణయించితిమి.

ఆత్మకూరిలో నొక ముసలిమేస్త్రి, “అమ్మా, పైమెరుపు తర్వాత చూద్దాము. ముందు కింద మట్టిని అడగాల” అనెను. అడుగు విధము తేలికయే. పాతనేలపై దళసరి ప్లాస్టిక్ పట్టా పఱచి, అంచులు గట్టిగా అంటించి, ఒక దినము విడువవలెను. పట్టా క్రింద చెమ్మ కనబడినచో అది భూమినుండి యెక్కు తేమ. పైన కనబడినచో గాలిలోని తేమ. గాలితేమకు పంకా త్రిప్పి పొడిగుడ్డతో తుడిచిన చాలును. క్రిందితేమకు బండ మార్చి ప్రయోజనము లేదు. మట్టిని దిమ్మిసకొట్టి, కంకర పోసి, దానిపై ప్లాస్టిక్ పట్టా పఱచి, ఆపై కాంక్రీటు వేయింపవలెను. పంచకు 8 అడుగులకు 1 అంగుళము వాలుంచినచో జల్లునీరు నిలువదు.

ఈ పనికి సంక్రాంతి వెళ్లినపిదప ఉగాదిలోపల తగిన కాలము. వానలలో అడుగు ఆరదు. నడివేసవిలో సిమెంటు త్వరగా నెండి బీటలు వాఱును. వేసిన పిదప ఏడుదినములు తడుపుచుండవలెను.

నేలను కడుగునది, దానిపై కూర్చుండి కూరలు తఱుగునది, బిడ్డను ప్రాకించునది స్త్రీయే. కావున సోదరీమణులారా, అంగడికి బండల నెంచుటకు పోవునపుడు మీరును పొండు. నమూనాబండపై నీళ్లు చల్లించి, పాదము మోపి చూచి, పిమ్మటనే వెల యడుగుడు.