తొంభై నాలుగా, డెబ్భై ఒకటా?

ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న రోజున బయాలజీకి ఒక దణ్ణం పెట్టేశాను. ఇన్నేళ్ళకి ఆ దణ్ణం వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఎం.టెక్ వెలగబెడుతున్నాను కదా, అందులో ఒక ఎలెక్టివ్ బయోఇన్ఫర్మాటిక్స్. మా బ్యాచ్‌లో చాలామంది అది ఎంచుకోడానికి కారణం సైన్సు మీద ప్రేమ అనుకునేరు, కాదు. ఆ క్లాసు శనివారం సాయంత్రం. ఆదివారం మిగుల్తుందన్న ఆశ! తీరా చూస్తే ఆ సెమిస్టర్లో ఆదివారాలన్నీ టీమ్ ప్రాజెక్టుకే సమర్పయామి.

నలుగురం ఒక జట్టు. పేర్లెందుకులెండి. ఒకాయన పదేళ్ళుగా బ్యాంకుల కోసం జావా రాస్తున్నాడు, జావా బాబు అందాం. ఇంకొకడు ఉద్యోగంలో చేరి ఏడాది కాని కుర్రాడు, పైథాన్ తప్ప వేరే భాష ముట్టడు, వాడు తమ్ముడు. మూడో మనిషి మేడమ్. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులోనే ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పనిచేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని వచ్చినావిడ. నాలుగోవాణ్ణి నేను.

మొదటి మీటింగులోనే పని పంపకాలు అయిపోయాయి. "మేడమ్, మీరు రిపోర్టులో ఇంట్రడక్షన్ రాసేయండి చాలు, కోడ్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు జావా బాబు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆఫీసుల్లో టెస్టింగు వాళ్ళకీ, డొమైన్ తెలిసినవాళ్ళకీ మనం చేసే మర్యాద మీకు తెలిసిందేగా.

ప్రాజెక్టు సంగతి టూకీగా చెప్తాను. ప్రొటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చిన దండ. ఒక్కో ఆమ్లానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం. (ఈ ఒక్క అక్షరం పద్ధతి మార్గరెట్ డేహాఫ్ అనే ఆవిడ పెట్టింది. పంచ్ కార్డుల కాలం, డేటా సైజు తగ్గాలి కదా! 1965లో ఆవిడ వేసిన ప్రొటీన్ల అట్లాసే ఇప్పటి డేటాబేసులకి అమ్మమ్మ.) అంటే మనలాంటివాళ్ళ కంటికి ప్రొటీన్ ఒక స్ట్రింగ్. ఆ స్ట్రింగ్ చూసి, అది కణంలో ఎక్కడ ఉంటుందో చెప్పాలి. కేంద్రకంలోనా, మైటోకాండ్రియాలోనా, కణం బయటికి పోతుందా... అదీ పని. డేటా స్విస్-ప్రాట్ నుంచి. 1986లో మొదలైన డేటాబేసు అది, మనుషులు చదివి సరిచూసిన ఎంట్రీలు ఐదున్నర లక్షల పైచిలుకు ఉన్నాయి. అందులో ప్రయోగం చేసి చోటు నిర్ధారించినవి మాత్రం ఏరుకున్నాం.

స్ట్రింగ్ చూసి చోటు ఎలా తెలుస్తుంది అంటారా? కవరు మీద పిన్ కోడ్ ఉన్నట్టు, చాలా ప్రొటీన్లలో అడ్రసు వాటి అక్షరాల్లోనే ఉంటుంది. ఇది తేల్చినందుకే గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ ఇచ్చారు. బయటికి పోవాల్సిన ప్రొటీన్లకి సాధారణంగా అడ్రసు మొదట్లో ఉంటుంది. అందుకని మేం మొదటి నలభై అక్షరాల మీద దృష్టి పెట్టాం. మేడమ్ ఆ లిస్టు చూసి, "తోక కూడా చూడండి" అన్నారు. పెరాక్సిసోమ్‌కి వెళ్ళే ప్రొటీన్లలో చాలావాటికి చివరి మూడక్షరాలు ఎస్-కె-ఎల్ అనో, దానికి దగ్గరగానో ఉంటాయిట. కె-డి-ఇ-ఎల్ అని తోక ఉంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే ఉండిపోతుందిట. తోక కలిపి నడిపితే అప్పటిదాకా అడ్డంగా తన్నుతున్న పెరాక్సిసోమ్ ప్రొటీన్లు కాస్త దారికొచ్చాయి. ఇంట్రడక్షన్ రాయాల్సినావిడ ఫీచర్లు చెప్పడం మొదలెట్టారన్నమాట :)

"అడ్రసు తప్పితే ఏమవుతుంది మేడమ్?" అని తమ్ముడు అడిగాడు. ప్రైమరీ హైపరాక్సల్యూరియా అని ఒక అరుదైన జబ్బు ఉందిట. కాలేయంలో ఒక ఎంజైము పెరాక్సిసోమ్‌లో ఉండాలి. కొందరు రోగుల్లో ఆ ఎంజైము పనిచేసే స్థితిలోనే ఉంటుంది, కానీ మైటోకాండ్రియాకి పోయి కూర్చుంటుంది. అక్కడ దాని అవసరం లేదు. ఇక్కడేమో ఆక్సలేట్ పేరుకుపోయి, కిడ్నీలో రాళ్ళు, కొందరికి కిడ్నీలే పోవడం. అది విన్నాక మా క్లాసుల పేర్లు ఉత్త లేబుళ్ళలా అనిపించలేదు.

మధ్యలో మామూలు తిప్పలు పడ్డాం, అవి చెప్తే మీకూ మాకూ తేడా ఉండదు. రెండు మాత్రం చెప్పి తీరాలి. కండరాల్లో ఉండే టైటిన్ అనే ప్రొటీన్ 34,350 అక్షరాల పొడవు. అది వచ్చిన ప్రతిసారీ తమ్ముడి లాప్‌టాప్ మెమరీ చాలక మూర్ఛపోయేది. రెండోది, ఒక పాత పరిశోధనతో పాటు ఇచ్చిన స్ప్రెడ్‌షీట్లో జన్యువుల పేర్ల మధ్య సెప్టెంబరు 2, మార్చి 1 అని తేదీలు కనబడ్డాయి! అవి ఇంగ్లీషులో నెలల పేర్లని పోలిన జన్యువుల పేర్లు. స్ప్రెడ్‌షీట్ తెలివి మీరి తేదీలు చేసేసింది. ఎంతకీ ఈ గోల తప్పకపోవడంతో, 2020లో పేర్లు పెట్టే కమిటీ వాళ్ళు ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌ని మార్చడం కంటే మానవజాతి జన్యువుల పేర్లు మార్చడం తేలికన్నమాట. మన వృత్తికి ఇంతకంటే కితాబు ఉంటుందా?

సరే, అసలు గొడవకొస్తాను. కోర్సు వాళ్ళు ఇచ్చిన నమూనా కోడ్‌లో, డేటాని గిలక్కొట్టి ఎనభై శాతం నేర్చుకోడానికి, ఇరవై శాతం పరీక్షకి అని విడగొట్టే లైను ఉంది. దాంతో నడిపితే 94 శాతం వచ్చింది. జావా బాబు ఆ సాయంత్రమే స్లైడ్లు మొదలెట్టాడు.

మేడమ్‌కి ఆ అంకె మింగుడు పడలేదు. "మనిషి ఇన్సులిన్, పంది ఇన్సులిన్ ఎంత తేడానో తెలుసా?" అని అడిగారు. మాకేం తెలుస్తుంది? 51 అక్షరాల్లో ఒక్కటే తేడా. 1980ల దాకా షుగర్ రోగులకి పంది ఇన్సులిన్, ఆవు ఇన్సులిన్ ఇచ్చి నెట్టుకొచ్చింది అందుకేట. చింపాంజీ హిమోగ్లోబిన్ అయితే మనదానితో అక్షరం కూడా పొల్లుపోకుండా ఒకటే. కానీ స్విస్-ప్రాట్‌లో మనిషికి ఒక ఎంట్రీ, చింపాంజీకి ఒక ఎంట్రీ. గిలక్కొట్టి పంచితే ఒకటి ఇటూ, ఒకటి అటూ పడతాయి. "మీ మోడల్ నేర్చుకున్నది అడ్రసు చదవడమా, చుట్టాల్ని గుర్తుపట్టడమా?" అన్నారు.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ముందురోజు సాయంత్రం మోడల్ పేపర్ చేయించి, పొద్దున పరీక్షలో అదే పేపరు ఒక అంకె మార్చి ఇవ్వడం. తొంభై నాలుగు రాక చస్తాయా?

దీనికి మందు ఎప్పట్నుంచో ఉంది. సిడి-హిట్ అని 2001 నాటి ప్రోగ్రాము ఒకటి, పోలిక ఉన్న ప్రొటీన్లని గుంపులు కడుతుంది. 40 శాతం కంటే ఎక్కువ పోలిక ఉన్నవాటిని ఒక గుంపుగా కట్టి, గుంపు మొత్తం అటో ఇటో వేశాం. పరీక్షలో వచ్చే ప్రొటీనుకి దగ్గర చుట్టం నేర్చుకున్నవాటిలో ఉండకూడదు, అదీ నియమం. మళ్ళీ నడిపితే 71.

అప్పటికి సమర్పణకి ఆరు రోజులుంది.

"బాస్, పక్క టీము 96 చూపిస్తోంది. మనం 71తో వెళ్తే వైవాలో నవ్వుతారు. కోడ్ వాళ్ళిచ్చిందే కదా, వాళ్ళ లైనే కదా, మనం చేసిన మోసమేముంది?" అన్నాడు జావా బాబు. ఏమాటకామాటే, ఆయన బాధలో న్యాయముంది. బి ప్లస్ పైన గ్రేడు వస్తేనే ఆయన కంపెనీ సెమిస్టరు ఫీజు తిరిగిస్తుంది. ఇంటి లోను, పాప స్కూలు ఫీజు, అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. సత్యం చెప్పండి అని నీతులు చెప్పడం, ఆ ఫీజు కట్టక్కర్లేనివాళ్ళకి తేలికే.

రెండు అంకెలూ వేద్దాం అన్నాను నేను. దానికీ మేడమ్ ఒప్పుకోలేదు. "రెండూ పక్కపక్కన పెడితే చదివేవాళ్ళు పెద్దదే చూస్తారండీ. ల్యాబులో ఒకే శాంపిల్‌కి రెండు రిపోర్టులు ఇచ్చి, నచ్చింది తీసుకోండి అంటామా?"

తేల్చింది మా వాదనలు కాదు, తమ్ముడు. వాడు ఆ రాత్రి కూర్చుని ఇరవై లైన్ల స్క్రిప్టు రాశాడు. మోడల్ లేదు, నేర్చుకోవడం లేదు. పరీక్షలో వచ్చిన ప్రొటీన్ తీసుకుని, నేర్చుకునే డేటాలో దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని బ్లాస్ట్‌తో వెతికి, దాని చిరునామానే కాపీ కొట్టెయ్యడం. బ్లాస్ట్ 1990 నాటిది, మెషీన్ లెర్నింగ్ వాసనే లేనిది. ఆ కాపీ మాస్టరుకి పాత విభజనలో వచ్చిన మార్కులు 93! మేం రెండు నెలలు చాకిరీ చేసి దానిమీద సంపాదించింది ఒక్క శాతం. అదే కాపీ మాస్టర్ని గుంపుల విభజనలో కూర్చోబెడితే 40 దగ్గర చతికిలబడ్డాడు. అక్కడ మా మోడల్‌ది 71.

పొద్దున్నే వాట్సాప్‌లో ఆ నాలుగంకెల పట్టిక చూసి, జావా బాబు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే మెసేజి: "94 కంటే 71 పెద్దదిరా బాబూ". ఆ పట్టికే రిపోర్టు మొదటి పేజీలో పెట్టాం. సారాంశంలో 71 ఒక్కటే రాశాం. స్లైడ్లన్నీ ఆయనే మళ్ళీ చేశాడు. ఈసారి ఇంట్రడక్షన్ నేను రాశాను, మేడమ్ దిద్దారు.

ఈ చుట్టాల బెడద ప్రొటీన్ల వాళ్ళకి కొత్తదేం కాదు. ప్రొటీన్ ఆకారాన్ని కనిపెట్టే ప్రోగ్రాములకి 1994 నుంచి రెండేళ్ళకోసారి కాస్ప్ అనే పోటీ జరుగుతోంది. అప్పటికింకా బయటపెట్టని ఆకారాల్నే అందులో ప్రశ్నలుగా ఇస్తారు, పేపర్ లీకయ్యే దారి లేకుండా. 2020లో ఆల్ఫాఫోల్డ్ ఆ పరీక్షలో గెలిచింది కాబట్టే ప్రపంచం నమ్మింది, 2024లో కెమిస్ట్రీ నోబెల్ దాకా వెళ్ళింది. ఇంట్లో గిలక్కొట్టిన డేటా మీద ఎంత చెప్పుకున్నా అంత గౌరవం దక్కేది కాదని నా అభిప్రాయం. మరోపక్క 2023లో సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ అనే ఇద్దరు, 17 రంగాల పరిశోధనల్లో ఇలాంటి లీకేజీలు దొరికాయని లెక్కతీసి చూపించారు. వైద్యం నుంచి రాజనీతి శాస్త్రం దాకా ఎవర్నీ వదల్లేదు.

వైవాలో అనుకున్న ప్రశ్నే వచ్చింది. "మిగతావాళ్ళకి తొంభై దాటింది, మీకేంటి?" అన్నారు ఎగ్జామినర్. మేం ముగ్గురం మేడమ్ వైపు చూశాం. ఆవిడ ఇన్సులిన్ దగ్గర మొదలెట్టి, పట్టిక దగ్గర ఆపారు. తెలుగులో మొదలై ఇంగ్లీషులో ముగిసిందా సమాధానం, మొత్తం రెండు నిమిషాలు. ఆయన కళ్ళద్దాలు తీసి పట్టిక మళ్ళీ చదివారు. ఆ కాపీ స్క్రిప్టు రాసిందెవరని అడిగారు. ఇంకేమీ అడగలేదు. నలుగురికీ బి ప్లస్ వచ్చింది. 96 చూపించినవాళ్ళకి ఎ వచ్చింది, అదీ చెప్పాలి కదా. జావా బాబు ఫీజు వెనక్కి వచ్చింది, బిర్యానీ పెట్టించాడు. మేడమ్ ఇప్పుడు తమ ల్యాబులో రిపోర్టులు సరిచూసే స్క్రిప్టులు సొంతంగా రాస్తున్నారు. తమ్ముడు డీప్ లెర్నింగ్ ఎలెక్టివ్‌లో చేరాడు, ఆదివారం క్లాసే.

మొన్న సోమవారం జావా బాబు ఫోన్ చేశాడు. వాళ్ళ క్లయింటు బ్యాంకుకి, లోను ఎవరు ఎగ్గొడతారో చెప్పే మోడల్ ఒకటుంది. ఆ డేటా తీసి చూశాట్ట. ఒకే కస్టమరు తీసుకున్న మూడు లోన్లు, రెండు నేర్చుకునేవైపు, ఒకటి పరీక్షవైపు. ఇలాంటివి కుప్పలు! మేనేజరుకి ఇన్సులిన్ కథ కూడా చెప్పాట్ట. ఆయన మొత్తం విని, "బాగుంది, టికెట్ పెట్టు" అన్నాట్ట. పెట్టాడు. ప్రయారిటీ కింద ఏముందో అడిగాను.

లో.